పడినవారిని గూర్చి పూర్వ సంఘ పితరులు నేర్పిన పాఠము

“అడుసు త్రొక్కనేల? కాలు కడుగనేల?” అని మన పెద్దలు చెప్పుదురు. బాలురకు బుద్ధి చెప్పునపుడు ఈ మాట మిక్కిలి తగినది. అడుసు కంటబడినప్పుడు తప్పుకొని పోవువాడే వివేకి. అయితే ఇదివరకే అడుసు త్రొక్కినవాని మాట యేమి? ఈ సామెత దానికి జవాబు చెప్పదు. అట్టివానిని ఎన్నటికిని వాకిటనే నిలిపివేయవలెనా? బురదకాళ్లతోనే నట్టింటికి రానీయవలెనా? లేక చెంబెడు నీళ్లిచ్చి, కాలు కడుగుకొని లోపలికి రమ్మనవలెనా?

ఈ ప్రశ్న క్రైస్తవ సంఘమునకు క్రీ. శ. మూడవ శతాబ్దమున, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి పట్టణమున ప్రాణసంకటముగా ఎదురాయెను. మన ప్రభువు నామమును బహిరంగముగా ఒప్పుకొని ప్రాణములిచ్చినవారు ఆ సంఘమున కలరు. భయపడి విశ్వాసమును కాదన్నవారు అంతకంటె పెక్కుమంది కలరు. వీరిరువురును మరల ఒక్క బల్లయొద్ద కూర్చుండుట యెట్లు? దానికి ఆ సంఘము చెప్పిన సమాధానము మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును నేటికిని పనికివచ్చునని తలచి, ఆ వృత్తాంతమును ఇచ్చట వివరింప పూనుకొనుచున్నాము. పరిశుద్ధులనగా గోడమీది పటములలో తలచుట్టు కాంతివలయముతో కనబడువారనియు, వారికిని మనకును పోలికయే లేదనియు కొందరు తలచెదరు. వారి జాబులు చదివినచో ఆ భ్రమ తొలగును. భయము, తగవులు, ధనాశ, మొగమాటము, మనము ఎరిగిన చిక్కులన్నియు అందు కలవు.

కార్తేజి పట్టణము మధ్యధరా సముద్రపు దక్షిణ తీరమున, నేటి ట్యునీషియా దేశపు రాజధానియగు ట్యూనిసునకు చేరువను ఉండెను. క్రీ. పూ. 146లో రోమనులు దానిని నేలమట్టము గావించిరి. పిమ్మట వారే దానిని తిరిగి కట్టి, తమ సామ్రాజ్యమునందలి గొప్ప పట్టణములలో ఒకటిగా చేసికొనిరి. ఆఫ్రికా పొలములలో పండిన గోధుమలు ఓడలమీద ఇచ్చటినుండియే రోమునకు పోవుచుండెను. రెండవ శతాబ్దాంతమునకు ఇచ్చట క్రైస్తవ సంఘము బాగుగా వేరూనియుండెను.

నిలిచినవారు

ముందుగా అడుసు త్రొక్కక నిలిచినవారిని గూర్చి చెప్పుట న్యాయము. క్రీ. శ. 203 మార్చి 7వ తేదీన కార్తేజి క్రీడాశాలలో కొందరు యౌవనస్థులైన క్రైస్తవులు మృగముల పాలు చేయబడిరి. వారిలో పెర్పెతువ యనునామె ఇరువది రెండేండ్ల వయస్సుగల కులీన స్త్రీ, ఒడిలో చంటిబిడ్డ. ఫెలిసిత యనునామె దాసి, నిండు చూలాలు. చెరసాలలో తాను చూచినదియు అనుభవించినదియు పెర్పెతువ తన చేతనే వ్రాసిపెట్టెను. క్రైస్తవ స్త్రీ వ్రాసినవానిలో మనకు దక్కిన మిక్కిలి ప్రాచీనమైన వ్రాతలలో అది యొకటి.

ఆమెకు మృగములకంటె తండ్రి కన్నీళ్లే కఠినమైన పరీక్షయాయెను. ఆ వృద్ధుడు క్రైస్తవుడు కాడు. మాటిమాటికి చెరసాలకు వచ్చి, తన తల నెరసిన సంగతి చెప్పి, పసిబిడ్డను జ్ఞాపకము చేసి, ఆమె చేతులు ముద్దుపెట్టుకొని, పాదములపై బడి బ్రతిమాలెను. ఒకమారు ఆమె చెంతనున్న పాత్రను చూపి, దానిని మరియొక పేరుతో పిలువవచ్చునా యని తండ్రినడిగి, తానును అట్లే క్రైస్తవురాలనే గాని మరియొకతెను కాజాలనని చెప్పెను. విచారణ దినమున అధికారి ఆ ముసలివానిని బెత్తముతో కొట్టించినప్పుడు, ఆ దెబ్బ తనకే తగిలినట్లు నొచ్చుకొంటినని ఆమె వ్రాసినది. తండ్రిపై ఆమె ఒక్క పరుషవాక్యమైనను పలుకలేదు. ఫెలిసిత చెరసాలలోనే ఆడుబిడ్డను కనగా, ఆ శిశువును ఒక క్రైస్తవ సోదరి తన బిడ్డగా పెంచెను. దొరసానియు దాసియు ఒకే స్థలమున ఒకే సాక్ష్యమిచ్చి మృతినొందిరి.

వీరి స్థిరత్వము నిజమైనది. అయితే ఇతరుల స్థిరత్వమును పొగడునపుడు మనలో ఒక అపాయము పొంచియుండును. నిలిచినవారిని కొలబద్దగా చేసికొని పడినవారిని కొట్టుట మనుష్య స్వభావము. కార్తేజివాడగు తెర్తుల్లియను ఇందుకొక నిదర్శనము. లాటిను భాషలో గొప్ప క్రైస్తవ గ్రంథములు వ్రాసినవారిలో మొదటివాడితడే. క్రీ. శ. 197 ప్రాంతమున ఇతడు క్రైస్తవుల పక్షమున వ్రాసిన వాద గ్రంథమున, వారి పెట్టెలో పడు చందాల సంగతి చెప్పెను. నెలకొకమారు ఎవరికి తోచినంత వారు వేయుదురట, బలవంతము లేదట. ఆ ధనము విందులకు గాక, బీదల భోజనమునకు, వారి శవముల పాతిపెట్టుటకు, దిక్కులేని పిల్లలకు, వృద్ధులకు, ఓడ బ్రద్దలై నష్టపోయినవారికి, విశ్వాసము నిమిత్తము గనులలోను చెరలోను ఉన్నవారికి వెచ్చింపబడుచుండెనట. ఇంత చక్కని సంగతి మనకు తెలిపిన యతడే వయస్సు ముదిరిన కొలది కఠినుడై, హింసకాలమున పారిపోవుటయు పాపమేయనియు, బాప్తిస్మము పొందిన పిమ్మట ఘోరపాపము చేసినవారికి క్షమాపణ ప్రకటించు అధికారము సంఘమునకు లేదనియు వాదించెను. తుదకు ఒక కఠిన మార్గపు శాఖలో చేరెను. గొప్ప తెలివియు గొప్ప భక్తియు ఉన్నంతమాత్రమున కనికరము దానంతట అదే వచ్చునని యెంచరాదు.

పడినవారు

తెర్తుల్లియను పోయిన ముప్పది యేండ్ల లోపలనే అతని కఠినత్వమునకు నిజమైన పరీక్ష వచ్చెను. క్రీ. శ. 249లో డీసియసు రోమా చక్రవర్తి యాయెను. సామ్రాజ్యమునకు కలిగిన కష్టములు దేవతల కోపమువలన వచ్చినవని యెంచి, జనులందరును దేవతలకు బలి అర్పింపవలెనని 250వ సంవత్సరారంభమున శాసనము చేసెను. ప్రతి మనుష్యుడును అధికారుల యెదుట ధూపము వేసి, పానార్పణము పోసి, నైవేద్యమును రుచిచూచి, అట్లు చేసినట్లు ఒక పత్రము పొందవలెను. ఈ పత్రములు కట్టుకథలు కావు. ఐగుప్తు దేశపు ఇసుకలో నలువదికి పైగా దొరకినవి. వానిలో ఆ మనుష్యుని పేరు, గ్రామము, తానెల్లప్పుడును దేవతలను కొలిచినవాడననియు ఇప్పుడును అధికారుల యెదుట బలి అర్పించితిననియు చెప్పుమాట, క్రింద సాక్షుల చేవ్రాలు, తేదీ కనబడును.

కార్తేజిలో అప్పటి అధ్యక్షుడు సిప్రియను. అతడు అలంకారశాస్త్ర బోధకుడు, ధనవంతుడు. 246 ప్రాంతమున క్రైస్తవుడై, తన ఆస్తిలో అధిక భాగము బీదలకిచ్చి, రెండు మూడేండ్లలోనే అధ్యక్షుడుగా ఎన్నుకొనబడెను. శాసనము వెలువడిన దినమున తన సంఘము చేసిన పనిని అతడు దుఃఖముతో వర్ణించియున్నాడు. రాజభటులు వచ్చి పట్టుకొనకమునుపే జనులు తమంతట తామే గుడిమెట్లెక్కిరి. సాయంకాలమైనది, రేపు రండని అధికారులు చెప్పినను వినక, ఆ దినముననే తమ పని ముగింపుడని వేడుకొనిరి. కొందరు తమ పసిపిల్లలను చేతులలో ఎత్తుకొని పోయిరి. మరికొందరు బలి అర్పింపకయే, అధికారులకు రూకలిచ్చి పత్రము మాత్రము కొనుక్కొనిరి.

అందరి పాటును ఒకటి కాదు. బోన యను స్త్రీని ఆమె భర్తయే బలిపీఠమునొద్దకు ఈడ్చుకొనిపోయి, ఆమె చేతులు పట్టుకొని బలవంతముగా అర్పణ చేయించెను. ఆమె మాత్రము తాను చేయలేదనియు, చేసినది వారేననియు కేకలు వేసి, దేశబహిష్కారము పొందెను. నీనుసు, క్లెమెంతియాను, ఫ్లోరుసు అను ముగ్గురు మొదటి అధికారి పెట్టిన బాధలకు లొంగక నిలిచిరి. పిమ్మట పై యధికారి యెదుట మరల దీర్ఘకాలము హింసింపబడి, శరీరము ఓర్వజాలక కడకు తలవంచిరి. పిలువకయే పరుగెత్తినవానిని, చిత్రహింసల పాలైన వీరిని ఒక్క త్రాట కట్టుట న్యాయమా?

మూడు జవాబులు

హింస సద్దుమణుగుచుండగానే పడినవారు పశ్చాత్తాపపడి సంఘపు తలుపు తట్టసాగిరి. అప్పుడు మూడు జవాబులు పుట్టెను.

మొదటిది, బురదకాళ్లతోనే రానిమ్మనునది. విశ్వాసము నిమిత్తము చెరలోనుండి బాధపడినవారిపై సంఘమునకు గొప్ప గౌరవము కలదు. వారు పడినవారి పక్షమున సిఫారసు జాబులు వ్రాసి యీయసాగిరి. మొదట ఒక్కొక్కరి పేరిటనున్న జాబులు పోను పోను, ఫలానివానిని అతని వారితో కూడ చేర్చుకొనుడని లెక్కయు పత్తాయు లేక వెలువడెను. ఆ ‘అతని వారు’ పదిమందియో, ఇరువదిమందియో, అంతకంటె ఎక్కువయో యెవరికి తెలియును? వానిని అడ్డము పెట్టుకొని లాభము చేసికొనువారును కలరని సిప్రియను వ్రాసెను. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనుట యన ఇదియే. ఫెలిసిస్సిముసు అనువాని పక్షమువారు ఈ జాబులే చాలును, పశ్చాత్తాపముతో పనిలేదని చెప్పి పడినవారిని వెంటనే చేర్చుకొనిరి.

రెండవది, తలుపు మూసివేయుమనునది. రోములో నొవాతియను అను విద్వాంసుడు, పడినవారికి సంఘములో ఇక నెన్నటికిని చోటులేదని చెప్పి, 251లో రోమా సంఘాధ్యక్షుడగు కొర్నేలికి పోటీగా తానును అధ్యక్షుడై నిలిచెను. పశ్చాత్తాపపడుడనియు, ఏడ్వుడనియు అతడు చెప్పును; అయితే మరణశయ్యమీద సైతము లోపలికి రానీయడు. పవిత్రుల సంఘమని పేరుపెట్టుకొన్న యీ శాఖ అనేక శతాబ్దములు నిలిచెను.

మూడవది సిప్రియను జవాబు. 251లో డీసియసు గోతులతో జరిగిన యుద్ధమున చచ్చెను. ఈస్టరు పండుగ పిమ్మట సిప్రియను పట్టణమునకు తిరిగివచ్చి, ఆఫ్రికా అధ్యక్షుల సభను కూర్చెను. ఎవరి సంగతిని వారిదిగానే విచారింపవలెనని ఆ సభ తీర్మానించెను. తనంతట తానే గుడికి పరుగెత్తినవాడు వేరు; ఎంతో పెనుగులాడి బలవంతమునకు లొంగినవాడు వేరు. భార్యాబిడ్డలను కూడ ఈడ్చుకొనిపోయినవాడు వేరు. ఇంటివారందరి పక్షమున తానొక్కడే పోయి, ఆ యపాయము తన తలమీద వేసికొని, భార్యాబిడ్డలను సేవకులను కాపాడినవాడు వేరు. బలి అర్పింపకుంటే చాలునని యెంచి, పత్రము కొనుటయు తప్పేయని యెరుగనివాడు వేరు. పత్రము మాత్రము పొందినవారిని విచారించి చేర్చుకొనవచ్చును. బలి అర్పించినవారు దీర్ఘకాలము పశ్చాత్తాపమున గడపవలెను. మరణాసన్నులైనచో సమాధానము పొందవచ్చును.

ఏడ్వుమని చెప్పి ఓదార్పు లేదనుట, గాయమును చూపుమని చెప్పి మందు లేదనుట వంటిదని సిప్రియను నొవాతియను పక్షమువారిని ఖండించెను. మరియొక ప్రక్క తొందరపడువారికి బుద్ధి చెప్పుచు, పుండు మానకుండగనే పైకి కట్టుకట్టినచో లోపల చీము పెరుగునను తాత్పర్యముతో వ్రాసెను. ఇతని దృష్టిలో పశ్చాత్తాపము శిక్ష కాదు, చికిత్స. కాలు కడుగుకొనుట కష్టమే. అయినను నీళ్లిచ్చుట యింటివారి ధర్మము.

ఇంతటితో ఆ చర్చ ముగియలేదు. ఒకటి రెండేండ్లలో మరల హింస రానున్నదని తోచినప్పుడు, సిప్రియను మొదలగు 42 మంది అధ్యక్షులు తమ పూర్వ తీర్మానమునే మార్చుకొని, విడువక పశ్చాత్తాపపడుచున్నవారినందరిని వెంటనే చేర్చుకొనవలెనని నిశ్చయించిరి. యుద్ధమునకు పొమ్మని చెప్పి ఆయుధములీయకుండుట తగునా? ప్రభువు బల్లయొద్ద బలము పొందనివాడు ప్రభువుకొరకు రక్తము చిందించుట యెట్లు? ఇది వారి న్యాయము. నీనుసు మొదలగు ముగ్గురును అప్పటికి మూడేండ్లుగా కన్నీటితో కనిపెట్టుకొనియుండిరి. వారిని గూర్చి అడిగిన అధ్యక్షులకు సిప్రియను, వారిని కనికరింపవలెననియే తన యభిప్రాయమును వ్రాసి పంపెను. కఠినముగా మొదలుపెట్టిన పెద్దలు విచారించిన మీదట మెత్తబడుట అవమానమని వారెంచలేదు.

దాగినవాడు

సిప్రియను స్వవిషయమున ఒక సంగతి చెప్పక విడువరాదు. 250లో హింస మొదలుకాగానే అతడు పట్టణము విడిచి దాగెను. దాగినచోటినుండియే జాబులు వ్రాసి సంఘమును నడిపెను. రోమా సంఘాధ్యక్షుడు ఫబియను ఆ సంవత్సరము జనవరిలోనే హతసాక్షియై యుండుటచేత, అచ్చటి పెద్దలు, కాపరి పారిపోయెనను భావముతో కార్తేజికి జాబు వ్రాసిరి. సిప్రియను తన కారణములు తెలిపెను. నిందను మాత్రము మోయవలసివచ్చెను. నిలిచినవారికిని పడినవారికిని నడుమ తీర్పుతీర్చువానికే తన ధైర్యము నిరూపింపబడలేదు. ఇతని కనికరమునకు ఇదియు ఒక కారణమైయుండునని మేము తలచుచున్నాము.

కొద్దికాలమునకే కార్తేజిలో ఘోరమైన అంటువ్యాధి ప్రబలెను. జనులు తమవారినే వీధులలో పడవేసి పారిపోవుచుండిరి. అప్పుడు సిప్రియను సంఘమును పిలిపించి, మనవారికి మనము సేవ చేసికొనుట వింతయేమియు కాదనియు, తమను హింసించిన అన్యజనులకు సైతము మేలు చేయవలెననియు బోధించెనని అతని పరిచారకుడగు పొంతియుసు వ్రాసియున్నాడు. ధనమున్నవారు ధనమిచ్చిరి, లేనివారు ఒడలు వంచి సేవచేసిరి. నుమిదియలో దోపిడికాండ్రు క్రైస్తవులను చెరపట్టినప్పుడు, వారిని విడిపించుటకై కార్తేజి సంఘము 100000 సెస్తెర్తులను రోమా నాణెములను ప్రోగుచేసి పంపెను. వీరిలో అనేకులు కొన్ని యేండ్ల క్రిందట గుడిమెట్లెక్కినవారైయుండవచ్చును. పడినవారిని వెలివేసియుండిన యెడల ఆ చేతులు ఆ సేవకు దొరకియుండెడివి కావు.

తుదకు సిప్రియనునకును తన దినము వచ్చెను. వలేరియను చక్రవర్తి కాలమున 257లో అతడు కురుబిసు అను ఊరికి పంపివేయబడెను. మరుసటి యేట మరణశాసనము వచ్చినప్పుడు, తన పట్టణమున తన జనుల యెదుటనే సాక్ష్యమీయగోరి నిలిచెను. 258 సెప్టెంబరు 14వ తేదీన తీర్పు వినిపింపబడగా దేవునికి వందనము చెప్పి, తలారికి 25 బంగారు నాణెములు ఇప్పించి, ఖడ్గమునకు మెడ వంచెను. దాగినవాడు నిలిచెను. ఒక్క దినపు బలహీనతను చూచి మనుష్యుని జీవితమంతటికి విలువ కట్టరాదనుటకు ఇంతకంటె దృష్టాంతమేల?

అగస్తీను పలికిన మాట, చేసిన పొరబాటు

ఈ ప్రశ్న మరల మరల తలయెత్తెను. 303లో డయోక్లీషియను చక్రవర్తి లేఖనములను తగులబెట్ట నాజ్ఞాపింపగా, కొందరు పెద్దలు వానిని అప్పగించిరి. అప్పగించినవారి చేతులతో అభిషేకము పొందినవారు కాపరులే కారని చెప్పి ఆఫ్రికాలో ఒక పక్షము చీలిపోయెను. వారినే దొనాతీయులందురు. నూరేండ్ల పిమ్మట హిప్పో అధ్యక్షుడగు అగస్తీను వారితో వాదింపవలసివచ్చెను. 411లో కార్తేజిలో జరిగిన సభకు ఇరుపక్షములవారును కలిసి 500కు పైగా అధ్యక్షులు వచ్చిరి.

అగస్తీను 354లో తగస్తె యను చిన్నపట్టణమున పుట్టెను. తల్లి మోనిక కన్నీటి ప్రార్థనలు అందరెరిగినవే. తన యౌవనపు తప్పులను, బాల్యమున తోటివారితో కూడి దొంగిలించిన పండ్ల సంగతిని సైతము దాచక వ్రాసిన యతడు 387లో మిలాను పట్టణమున బాప్తిస్మము పొందెను. సంఘమనగా గోధుమలును గురుగులును కలిసి పెరుగు పొలమనియు, కోతకాలమునకు ముందు వానిని వేరుపరచుట మన పనికాదనియు అతడు దొనాతీయులకు బోధించెను. సంఘపు పరిశుద్ధత క్రీస్తునుండి వచ్చునదే గాని పెద్దల యోగ్యతనుండి వచ్చునది కాదనుట అతని వాదమునకు మూలము.

అయితే ఇంత చక్కగా బోధించినవాడే కడకు దొనాతీయులను రాజాజ్ఞలచేతను జరిమానాలచేతను బలవంతపెట్టుటకు సమ్మతించెను. పరిశుద్ధులని పేరు పొందినవారి మాటలను సయితము ప్రభువు మాటతో సరిచూచుకొనవలెనని దీనివలన మనము గ్రహింపవలెను. కనికరమును బోధించుట యొకటి, ఎదిరియెడ దానిని చూపుట యొకటి.

మనకు పాఠము

ఇప్పుడు మన యింటికి వత్తము. మనయెదుట డీసియసు లేడు. అయినను గుడిమెట్లు అనేక రూపములతో మనకెదురగును. పరీక్షలో చీటీ చూచి వ్రాసిన బాలుడు, స్నేహితులు నవ్వుదురని భోజనమునకు ముందు ప్రార్థన మానిన బాలిక, వసతిగృహమున తోటివాని సొమ్ము తీసి యబద్ధమాడినవాడు, వీరందరును మన నడుమనే కలరు. అట్టివానికి ఉపాధ్యాయుడు మూడు విధముల జవాబీయవచ్చును. పోనిమ్మని చూచి చూడనట్లుండవచ్చును. అది బురదకాళ్లతో రానిచ్చుట. ఎల్లకాలమును దొంగయని పిలువవచ్చును. అది తలుపు మూయుట. పిలిచి, సంగతి సాంతముగా విని, తప్పును తప్పని ఒప్పించి, నష్టపరచినదానిని తిరిగి ఇప్పించి, మరల తరగతిలో నలుగురితో సమముగా కూర్చుండబెట్టవచ్చును. కడపటిదానికి ఓపికయు కాలమును మిక్కుటముగా కావలెను. అందుచేతనే అది అరుదుగా జరుగును.

ఇంకొకటి కలదు, దానిని చెప్పుటకు మేము సంకోచించుచున్నాము గాని చెప్పక తప్పదు. పత్రముల సంగతి మన తెలుగు క్రైస్తవ కుటుంబములకు కేవలము పురాతన చరిత్ర కాదు. 1950వ సంవత్సరపు రాష్ట్రపతి ఉత్తరువు ననుసరించి షెడ్యూల్డు కులముల వారికి గల సదుపాయములు మొదట హిందువులకును, 1956 నుండి సిక్కులకును, 1990 నుండి బౌద్ధులకును వర్తించును. ఆ కులములనుండి క్రైస్తవులైనవారికి వర్తింపవు. అందుచేత సంఘపు పుస్తకమున ఒక పేరు, కచేరీ కాగితమున మరియొక మతము గల ఇండ్లు కలవు. ఆ ఉత్తరువు న్యాయమా కాదా యను విచారణ ఈ వ్యాసమునకు సంబంధించినది కాదు. డీసియసు శాసనము వంటిదే యిదియనియు మేము చెప్పము. అప్పుడు భయపెట్టినది కత్తి, ఇప్పుడు ఒత్తిడి చేయునది పిల్లల చదువును కూడును. అయితే ఆ యింటివారిని చూచి గుడిలో గుసగుసలాడువారికి సిప్రియను సభ చెప్పినమాట వర్తించును. ఎవరి సంగతిని వారిదిగా విచారింపుడు. ఇంటివారందరి బరువు తన తలమీద వేసికొని పోయిన తండ్రిని, సుఖముకొరకు పరుగెత్తినవానిని ఒక్కటిగా చూడకుడు. ఆ కాగితమును చేతబట్టుకొన్నవారికిని ఆ సభ ఒక మాట చెప్పుచున్నది. కాగితమే కదా యని తేలికపరచుకొనక, మనస్సాక్షిని దేవుని యెదుట నిలిపి, తాము నమ్మదగిన పెద్దలతో మాట్లాడుడు. ఆ పెద్దలును తీర్పు తీర్చుటకు ముందు, తామా యింటి పిల్లల చదువునకు ఏమి సాయము చేసితిమని తమ్మును తాము ప్రశ్నించుకొందురు గాక. తెర్తుల్లియను నాటి చందాల పెట్టె ఊరకయే పుట్టలేదు. నిలువుమని చెప్పువారు నిలుచుటకు ఆధారమును కూడ చూపవలెను.

తల్లిదండ్రులకు ఒక్క మాట. దారి తప్పిన కొడుకును గూర్చియో, ఇల్లు విడిచిన కూతురును గూర్చియో దుఃఖించువారు మన సంఘములలో పెక్కుమంది కలరు. పెర్పెతువ తండ్రి తనకు నచ్చని మార్గమున పోయిన బిడ్డయొద్దకు చెరసాలకైనను మానక వచ్చెను. బిడ్డ యొప్పుకొనకున్నను ప్రేమించుట మానలేదు. అతడు క్రైస్తవుడు కాకపోయినను, ఈ యొక్క విషయమున మనకు గురువు కాదగును.

విద్యార్థులకు ఒక్క మాట. క్షమాపణ కలదని విని అడుసులోనికి పోవలదు. కాలు కడుగుకొనుట తేలికయని సిప్రియను ఎన్నడును చెప్పలేదు. నీనుసు మూడేండ్లు వాకిట కనిపెట్టెను. ఇదివరకే త్రొక్కినవారు మాత్రము సిగ్గుచేత దూరముగా నిలువక, ధైర్యము తెచ్చుకొని తలుపు తట్టవలెను.

క్రీ. శ. 698లో అరబ్బులు కార్తేజిని పట్టుకొనిరి. నేడు ఆ గుడియు, ఆ సభాస్థలమును శిథిలములై యున్నవి. ఆ జాబులు మాత్రము మిగిలియున్నవి. కడపటి రాత్రి నడుము కట్టుకొని, పళ్లెములో నీళ్లు పోసి, తన్ను ఎరుగనని బొంకబోవు పేతురు పాదములను సైతము కడిగిన ప్రభువు, స్థిరముగా నిలుచుటకు తగిన బలమును, పడినవారికి నీళ్లందించు మనస్సును, పడినప్పుడు లేచి వచ్చు వినయమును మనకందరికి అనుగ్రహించును గాక.